ఇంగ్లండులో లీజ్‌హోల్డ్ ఫ్లాటు కొనేముందు అసలు ఖర్చును ఎలా లెక్కగట్టాలి

ఉద్యోగరీత్యా ఇంగ్లండుకు వచ్చి, నాలుగైదేళ్ళు అద్దె కట్టి, ఇక సొంతంగా ఒక ఫ్లాటు కొనుక్కుందామనుకునే తెలుగువారు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటే. "ఒకే వీధిలో, ఒకే విస్తీర్ణంలో రెండు ఫ్లాట్లు అమ్మకానికి ఉన్నాయి. ఒకటి 3 లక్షల పౌండ్లు, ఇంకొకటి 3 లక్షల 30 వేలు. తక్కువ ధరది తీసుకుంటే తప్పేమిటి?" తప్పు కాకపోవచ్చు. కానీ ఆ రెండు ధరలను బట్టి మాత్రమే ఆ మాట చెప్పలేము.

ఈ ప్రశ్న వెనుక మనకు అలవాటైన పద్ధతి ఒకటి ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు కొంటే, మన వాటాకు వచ్చే భూమి ఎన్ని గజాలో రిజిస్ట్రేషన్ దస్తావేజులోనే రాసి ఉంటుంది. దాన్నే యూడీఎస్ అంటాము. భవనం పాతబడి కూలగొట్టవలసి వచ్చినా ఆ గజాలు మనవే. ఇంగ్లండులో ఫ్లాట్లు చాలావరకు లీజ్‌హోల్డ్ పద్ధతిలోనే ఉంటాయి. నేల, బయటి గోడలు, పైకప్పు, మెట్లు ఫ్రీహోల్డరువి, అంటే భవనం అసలు యజమానివి. మీరు లక్షల పౌండ్లు పోసి కొనేది ఆ ఫ్లాటును ఇన్నేళ్ళపాటు అనుభవించే హక్కును మాత్రమే. ఆ హక్కు ఏటా ఒక సంవత్సరం తరిగిపోతూ ఉంటుంది, దానికి తోడు ఏటా కొన్ని ఖర్చులను మీ మీద మోపుతూ ఉంటుంది. కాబట్టి ధరతో పాటు ఆ తరుగుదలకూ ఆ ఖర్చులకూ కూడా అంకె కట్టి చూడాలి. అది ఎలాగో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండుకు సంబంధించినది. స్కాట్లండులో పద్ధతి వేరు, వేల్స్‌లో కొనుగోలు పన్ను వేరు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- లీజు పత్రం పూర్తి ప్రతి, టైటిల్ రిజిస్టర్ ప్రతి. రెండూ ల్యాండ్ రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుముకు దొరుకుతాయి.
- ఎల్‌పీఈ1 అనే ఫారము, దానికి జతచేసిన పత్రాలు: గత మూడేళ్ళ సర్వీస్ ఛార్జ్ (భవనం ఉమ్మడి ఖర్చులలో మీ వాటా) లెక్కలు, ఈ ఏటి బడ్జెట్, భవన బీమా పత్రం, పెద్ద పనులకు ఇచ్చిన నోటీసులు. దీన్ని భవనాన్ని నిర్వహించే మేనేజింగ్ ఏజెంటు నింపుతాడు, రుసుము సాధారణంగా అమ్మేవారు కడతారు.
- టీఏ7 అనే ఫారము. ఇందులో అమ్మేవారు స్వయంగా ఇచ్చిన సమాధానాలు ఉంటాయి.
- ఫ్లాటు యజమానుల సమావేశాల మినిట్స్, కనీసం రెండేళ్ళవి.
- అగ్నిప్రమాద అంచనా నివేదిక. భవనం ఎత్తైనదైతే, బయటి గోడలకు మంటలంటుకునే ప్రమాదాన్ని అంచనా వేసే ఈడబ్ల్యూఎస్1 ఫారము, లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికెట్, ల్యాండ్‌లార్డ్ సర్టిఫికెట్.
- మీకు అప్పు ఇవ్వబోయే బ్యాంకు లీజుల విషయంలో పెట్టిన నియమాలు. యూకే ఫైనాన్స్ వారి లెండర్స్ హ్యాండ్‌బుక్‌లో బ్యాంకులవారీగా ఇవి ఉంటాయి, ఎవరైనా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు.

ఎల్‌పీఈ1 సాధారణంగా మీ ఆఫర్‌ను ఒప్పుకున్న తరువాత గాని చేతికి రాదు. అందువల్ల ఫ్లాటు చూడటానికి వెళ్ళినప్పుడే మూడు సంగతులు అడిగి రాసుకోండి: లీజు ఏ తేదీన మొదలైంది, నిరుటి సర్వీస్ ఛార్జ్ ఎంత, ఫ్రీహోల్డరుకు నేల అద్దెగా ఏటా కట్టే గ్రౌండ్ రెంట్ ఎంత. ఏజెంటు "తెలియదు, కనుక్కుని చెబుతాను" అంటే ఆ జవాబు ఈమెయిలులో వచ్చేవరకు ఆఫర్ పెట్టకండి.

1. మిగిలిన ఏళ్ళను మీరే లెక్కపెట్టండి

లీజు కాలం మీరు కొన్న రోజు నుంచి కాకుండా, లీజులో రాసిన ఆరంభ తేదీ నుంచి నడుస్తుంది. నేను మొదటిసారి చూసిన ఫ్లాటు ప్రకటనలో "దీర్ఘకాలపు లీజు" అని ఉంది. ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి లీజు తెప్పించి మొదటి పేజీ చూస్తే, "1985 సెప్టెంబరు 29 నుంచి 99 సంవత్సరాలు" అని ఉంది. అప్పుడు నడుస్తున్నది 2019. అంటే మిగిలినవి 65 ఏళ్ళే. లీజులు మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 వంటి తేదీలతో మొదలవడం ఇక్కడి పాత ఆనవాయితీ. ఆ తేదీ కనబడితే తడబడకుండా, ఆరంభ సంవత్సరానికి గడువు కలిపి, అందులోంచి ఈ సంవత్సరాన్ని తీసివేయండి.

వచ్చిన అంకెను ఇలా చదువుకోండి. 100కు పైన ఉంటే ప్రస్తుతానికి చింత లేదు. 80 నుంచి 100 మధ్య ఉంటే, మీరు అమ్మే రోజుకు ఎన్ని మిగులుతాయో చూసుకోవాలి. 88 ఏళ్ళున్న ఫ్లాటును కొని పదేళ్ళు ఉంటే, కొనేవాడి చేతికి వెళ్ళేవి 78. 80 గాని, అంతకు లోపు గాని ఉంటే రెండవ మెట్టును తప్పించుకోలేరు. చాలా బ్యాంకులు 70కో 80కో దగ్గరపడిన లీజులకు అప్పు ఇవ్వడానికి వెనకాడతాయి. మీకు ఇచ్చిన బ్యాంకు ఉన్నా, మీ దగ్గర కొనేవాడికి ఇచ్చే బ్యాంకు ఉండకపోతే మీ ధర పడిపోతుంది.

హెచ్చరిక: "షేర్ ఆఫ్ ఫ్రీహోల్డ్" అన్నంత మాత్రాన ఈ లెక్క మానకండి. యజమానులంతా కలిసి ఒక కంపెనీ పెట్టి ఫ్రీహోల్డ్ కొనుక్కున్నా, ఫ్లాటు మాత్రం లీజు కిందనే ఉంటుంది. ఆ లీజును పొడిగించకుండా వదిలేసిన భవనాలు ఉన్నాయి. అక్కడ పొడిగించుకోవడం సులువే, కానీ ఆ పని జరిగిందో లేదో కాగితంలో చూడాలి.

2. లీజు పొడిగింపుకు అయ్యే సొమ్మును ఇప్పుడే అంచనా వేయండి

తక్కువ ధరకు కారణం ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది కాబట్టి ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. 1993 నాటి చట్టం ప్రకారం ఫ్లాటు లీజ్‌హోల్డరుకు, ఫ్రీహోల్డరుకు పరిహారం చెల్లించి, మిగిలిన కాలానికి మరో 90 ఏళ్ళు కలుపుకునే హక్కు ఉంది. దానితో గ్రౌండ్ రెంట్ కూడా పోతుంది. పూర్వం దీనికి రెండేళ్ళు యజమానిగా ఉండి తీరాలనే నియమం ఉండేది. 2025 జనవరి 31 నుంచి ఆ నియమం లేదు, కొన్న వెంటనే దరఖాస్తు చేసుకోవచ్చు.

పరిహారంలో మూడు భాగాలుంటాయి: ఫ్రీహోల్డరు పోగొట్టుకునే గ్రౌండ్ రెంట్, ఫ్లాటు ఆయనకు తిరిగి దక్కడం మరో 90 ఏళ్ళు వెనక్కి పోయినందుకు నష్టం, ఇక మిగిలిన కాలం 80 ఏళ్ళు దాటి లేకపోతే మ్యారేజ్ వాల్యూ అనే మూడవ భాగం. పొడిగింపువల్ల పెరిగే విలువలో సగం ఫ్రీహోల్డరుకు ఇవ్వడమే ఈ మూడవది. దీని బరువు ఎంతో అంకెల్లో చూద్దాం. దీర్ఘ లీజుతో 3 లక్షల 30 వేలు చేసే ఫ్లాటు, గ్రౌండ్ రెంట్ ఏటా మారని 200 పౌండ్లు అనుకోండి. గ్రౌండ్ రెంట్‌కు 6 శాతం, ఫ్లాటు విలువకు 5 శాతం రేట్లు వేసి, అంటే ముందుముందు రావలసిన సొమ్మును ఆ రేట్లతో ఈనాటి విలువకు కుదించి, నేను కట్టిన లెక్క ఇది.

- 82 ఏళ్ళు మిగిలి ఉంటే: సుమారు 9,300 పౌండ్లు.
- 76 ఏళ్ళు మిగిలి ఉంటే: సుమారు 18,800 పౌండ్లు. ఇందులో మ్యారేజ్ వాల్యూ వాటా దాదాపు 7,500. పొట్టి లీజుతో ఫ్లాటు విలువ పూర్తి విలువలో 92 శాతం అనుకుని వేసిన లెక్క.
- 69 ఏళ్ళు మిగిలి ఉంటే: సుమారు 27,000 పౌండ్లు. ఇక్కడ 88 శాతం అనుకున్నాను.

ఆరేళ్ళ తేడాకు ఖర్చు రెట్టింపయింది చూడండి. పైగా ఇవి ఫ్రీహోల్డరుకు ఇచ్చేవి మాత్రమే. మీ సర్వేయరు, మీ సొలిసిటరు రుసుములతో పాటు, 1993 చట్టం పద్ధతిలో ఫ్రీహోల్డరు తరఫు న్యాయ, విలువ నిర్ధారణ ఖర్చులు కూడా సమంజసమైన మేరకు మీరే భరించాలి. అన్నిటికీ కలిపి నాలుగు వేలు పక్కన పెట్టండి.

2024 మే నెలలో ఆమోదం పొందిన లీజ్‌హోల్డ్ సంస్కరణల చట్టంలో మ్యారేజ్ వాల్యూను తీసివేయడం, 90కి బదులు 990 ఏళ్ళ పొడిగింపు ఇవ్వడం ఉన్నాయి. అయితే ఆ చట్టంలోని అంశాలన్నీ ఒక్కసారిగా అమల్లోకి వచ్చేవి కావు, ప్రభుత్వం విడతలుగా తేదీలు ప్రకటిస్తుంది. మీరు కొనే రోజుకు ఏది అమల్లో ఉందో సొలిసిటరును రాతపూర్వకంగా అడగండి. "త్వరలో చవకవుతుందట" అన్న మాట మీద ఆధారపడి లెక్కలో సున్నా వేసుకోవడం చాలామంది చేస్తున్న పొరపాటు.

ప్రత్యామ్నాయాలు రెండు ఉన్నాయి. ఒకటి, పొడిగింపు ఖర్చంతా ధరలోంచి తగ్గించమని బేరమాడటం. రెండు, అమ్మేవారి చేతనే 1993 చట్టం కింద పొడిగింపు కోరే సెక్షన్ 42 నోటీసు ఇప్పించి, ఆ నోటీసు హక్కును ఫ్లాటుతో పాటు మీకు బదలాయించుకోవడం. నోటీసు ఇచ్చిన తేదీ నాటి విలువే లెక్కలోకి వస్తుంది కాబట్టి, లీజు 80 ఏళ్ళ గీతకు దగ్గరగా ఉన్నప్పుడు ఈ రెండవ దారి ఎంతో మేలు చేస్తుంది. ఫ్రీహోల్డరు "చట్టం దాకా ఎందుకు, మనమే మాట్లాడుకుందాం" అని ప్రైవేటుగా పొడిగింపు ఇవ్వజూపితే వెంటనే తల ఊపకండి. ఆ ఒప్పందంలో కాలం తక్కువగా ఉండవచ్చు, పాత లీజులో మిగిలిన కాలానికి పాత గ్రౌండ్ రెంట్ అలాగే ఉండిపోవచ్చు.

3. గ్రౌండ్ రెంట్ పెరిగే పద్ధతిని చదవండి

2022 జూన్ 30 నుంచి కొత్తగా ఇచ్చిన దీర్ఘకాలపు నివాస లీజులలో గ్రౌండ్ రెంట్ పెప్పర్‌కార్న్ మాత్రమే, అక్షరాలా ఒక మిరియపు గింజ. అంటే సున్నా. రిటైర్‌మెంట్ ఫ్లాట్లకు ఇది 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. పాత లీజులకు ఈ రక్షణ లేదు. ఈ ఏడాది ఎంత కడుతున్నారో అడిగి ఊరుకోకండి, "రెంట్ రివ్యూ" అనే శీర్షిక కింద ఏం రాసి ఉందో చదవండి. ఏటా 250 పౌండ్లతో మొదలై ప్రతి పదేళ్ళకు రెట్టింపయ్యే లీజులో, 31వ ఏట అది 2,000 అవుతుంది, 51వ ఏట 8,000 అవుతుంది. 25 ఏళ్ళకోసారి రెట్టింపయ్యేది ఇంత కాటు వేయదు. ధరల సూచీతో ముడిపెట్టినవి మధ్యరకం. ఫ్లాటు విలువలో 0.1 శాతాన్ని దాటిన గ్రౌండ్ రెంట్‌ను అనేక బ్యాంకులు ఇష్టపడవు. 3 లక్షల ఫ్లాటుకు ఆ గీత 300 పౌండ్లు. ఇప్పుడు దాటకపోయినా, మీరు అమ్మే సంవత్సరానికి దాటుతుందేమో చూడండి.

4. సర్వీస్ ఛార్జ్: ఒక్క ఏటి అంకెను నమ్మకండి

బీమా, లిఫ్టు, మెట్ల దీపాలు, శుభ్రం చేయించడం, తోట, మేనేజింగ్ ఏజెంటు రుసుము, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. ప్రకటనలో కనబడేది సాధారణంగా అంచనా బడ్జెట్ అంకె. ఏడాది చివర అసలు ఖర్చు తేలాక మిగిలింది బాలన్సింగ్ ఛార్జ్ పేరుతో మళ్ళీ అడుగుతారు. అందుకే మూడేళ్ళ ఆడిట్ లెక్కలను పక్కపక్కన పెట్టి, ప్రతి పద్దుకూ బడ్జెట్ ఎంత, అసలు ఖర్చు ఎంత అని రెండు వరుసలు రాయండి. మూడేళ్ళూ అసలు ఖర్చు బడ్జెట్‌ను మించితే, బడ్జెట్ కావాలనే తక్కువ చూపుతున్నారని అనుకోవలసి వస్తుంది. భవన బీమా పద్దును ప్రత్యేకంగా గమనించండి, బయటి గోడల తొడుగులో (క్లాడింగ్) లోపాలున్న భవనాలకు ఈ పద్దు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

తరువాత రిజర్వ్ ఫండ్ చూడండి. సింకింగ్ ఫండ్ అన్నా ఇంచుమించు ఇదే. పైకప్పు, లిఫ్టు, బయటి రంగులు వంటి పెద్ద పనుల కోసం ఏటా కొంత దాచే నిధి ఇది. సర్వీస్ ఛార్జ్ తక్కువగా ఉందని మురిసిపోయే ముందు ఈ నిధిలో ఎంత ఉందో అడగాలి. ఏటా 1,800 తీసుకుంటూ నిధిలో ఏమీ లేని భవనం కంటే, ఏటా 3,000 తీసుకుంటూ నిధిని పోషిస్తున్న భవనం ఏడేళ్ళలో చవక పడవచ్చు. ఒక సంగతి మరవకండి: ఆ నిధి భవనానికి చెందినది, మీరు ఫ్లాటు అమ్మి వెళ్ళేటప్పుడు మీ వాటా తిరిగి రాదు.

లీజులో మీ ఫ్లాటు ఎంత శాతం భరించాలో రాసి ఉంటుంది. ఆ శాతాన్ని మొత్తం ఖర్చుతో గుణించి, బిల్లులో వేసిన అంకెతో సరిపోతుందో లేదో చూడండి. ఇది ఐదు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు. షేర్డ్ ఓనర్‌షిప్ పద్ధతిలో పావు వంతు వాటా కొనేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాటా పావే అయినా సర్వీస్ ఛార్జ్ పూర్తిగా మీదే.

5. రాబోయే పెద్ద పనులు, అగ్నిభద్రత

ఏదైనా ఒక మరమ్మతుకు ఒక్కో లీజ్‌హోల్డరు వాటా 250 పౌండ్లు దాటేటట్లయితే, ఫ్రీహోల్డరు ముందుగా సెక్షన్ 20 కింద నోటీసులిచ్చి అందరి అభిప్రాయాలు అడగాలి. ఆ నోటీసు కాపీలు ఎల్‌పీఈ1కు జతచేయాలి. కానీ ఇంకా నోటీసు దాకా రాని పనులు ఉంటాయి కదా, వాటి జాడ మినిట్స్‌లోనే దొరుకుతుంది. నేను చివరికి కొన్న ఫ్లాటు కాగితాల కట్టను ఒక శనివారం వంటింటి బల్ల మీద పరచుకుని చదువుతుంటే, రెండేళ్ళ కిందటి సమావేశపు మూడవ పేజీలో, సైకిళ్ళ స్టాండు గొడవకూ చెత్తకుండీల గొడవకూ నడుమ, ఒక్క వాక్యం కనబడింది: లిఫ్టు మార్చే పని వచ్చే ఏటికి వాయిదా. ఎల్‌పీఈ1లో "ప్రతిపాదిత పనులు" అన్న చోట "లేవు" అని ఉంది. సొలిసిటరు ద్వారా ఆ వాక్యాన్ని ఉటంకిస్తూ అడిగాక గాని అంచనా ఖర్చు బయటపడలేదు. నా వాటాను ధరలోంచి తగ్గించుకోగలిగాను. మినిట్స్ చదవడం విసుగు పుట్టించే పని, అయినా ఒక్క పేజీ వదలకుండా చదవండి.

2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయిన తరువాత, ఎత్తైన భవనాల బయటి గోడల మీద బ్యాంకుల దృష్టి పూర్తిగా మారిపోయింది. 11 మీటర్లు లేదా ఐదు అంతస్తులు, అంతకు మించిన భవనమైతే 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టం కింద లీజ్‌హోల్డరుకు కొన్ని రక్షణలున్నాయి. అవి మీకు వర్తించాలంటే ఆ లీజు "క్వాలిఫైయింగ్ లీజు" అయి ఉండాలి. 2022 ఫిబ్రవరి 14న ఆ ఫ్లాటు ఎవరి చేతిలో ఉంది, అది వారి ప్రధాన నివాసమా, కాకపోతే యూకేలో వారికి మొత్తం ఎన్ని ఇళ్ళున్నాయి అన్నదాన్ని బట్టి ఇది తేలుతుంది. డీడ్ ఆఫ్ సర్టిఫికెట్ అందుకే. క్వాలిఫైయింగ్ లీజుకు క్లాడింగ్ తొలగింపు ఖర్చు పడదు. ఇతర భద్రతా లోపాల ఖర్చుకు సాధారణంగా లండనులో 15,000, వెలుపల 10,000 పౌండ్లు గరిష్ఠ పరిమితి. ఆ పత్రం లేకుండా కొంటే ఆ పరిమితి మీకు దక్కకపోవచ్చు, అమ్మేటప్పుడు కొనేవాడూ అదే అడుగుతాడు.

6. షరతులకూ ధర ఉంటుంది

కార్పెట్ తీసి చెక్క ఫ్లోరింగ్ వేయాలన్నా, గోడ కొట్టి వంటగదిని హాలులో కలపాలన్నా, పిల్లిని పెంచాలన్నా, రెండేళ్ళు హైదరాబాదుకు వెళ్ళివచ్చేలోగా ఫ్లాటును అద్దెకిద్దామన్నా, లీజు ప్రకారం ఫ్రీహోల్డరు అనుమతి కావలసి ఉండవచ్చు. అనుమతికి రుసుము ఉంటుంది. కొన్ని లీజులలో కొన్ని పనులు పూర్తిగా నిషేధం. మీకు నిజంగా కావలసినవి ఏవో రాసుకుని, వాటికి సంబంధించిన క్లాజులను మాత్రం వెతకండి.

7. కొనే రోజు ఖర్చులు, మన ఊళ్ళో ఉన్న ఇల్లు

2025 ఏప్రిల్ 1 నుంచి స్టాంప్ డ్యూటీ 1,25,000 వరకు లేదు, ఆపైన 2,50,000 వరకు 2 శాతం, ఆపైన 9,25,000 వరకు 5 శాతం. మొదటిసారి కొనేవారికి, ధర 5 లక్షలు దాటకపోతే, 3 లక్షల వరకు పన్ను లేదు, ఆ పైదానికి 5 శాతం.

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొదటిసారి కొనడమంటే ప్రపంచంలో ఎక్కడా ఎన్నడూ ఇల్లు కలిగి ఉండకపోవడం. తండ్రి పోయాక గుంటూరులోని ఇంటిలో వారసత్వంగా వచ్చిన వాటా కూడా ఆ రాయితీని పోగొట్టవచ్చు. అంతకంటే పెద్దది అదనపు 5 శాతం పన్ను. ఈ కొనుగోలుతో మీకు రెండవ ఇల్లు ఏర్పడితే, అది మీ ప్రధాన నివాసానికి బదులుగా కొన్నది కాకపోతే, మొత్తం ధర మీద 5 శాతం అదనంగా పడుతుంది. భారతదేశంలోని ఇల్లూ, ఫ్లాటూ లెక్కలోకి వస్తాయి. 40 వేల పౌండ్ల కంటే తక్కువ విలువ గలవి రావు. ఖాళీ ప్లాటు, పొలం నివాసాలు కావు కాబట్టి అవీ రావు. భార్యాభర్తలను ఒక్కరిగానే చూస్తారు, కనుక కొండాపూర్‌లోని ఫ్లాటు ఆమె పేరున ఉన్నా ఫలితం అదే. 3 లక్షల ఫ్లాటుకు మామూలుగా 5,000 కట్టవలసినవారు ఇలా 20,000 కట్టవలసి వస్తుంది. సొలిసిటరు అడిగినప్పుడు "ఇండియాది దీనికెందుకు" అని దాచకండి. పన్ను రిటర్నులో తప్పు చెప్పిన బాధ్యత మీదే అవుతుంది.

దీనికి తోడు లీజ్‌హోల్డ్‌కు మాత్రమే ఉండే చిన్న రుసుములు ఉంటాయి: నోటీస్ ఆఫ్ ట్రాన్స్‌ఫర్, బ్యాంకు తరఫు నోటీస్ ఆఫ్ ఛార్జ్, డీడ్ ఆఫ్ కవెనెంట్, సర్టిఫికెట్ ఆఫ్ కంప్లయన్స్. విడివిడిగా చిన్నవే, కలిపితే వందల్లోకి పోతాయి. సొలిసిటరు రుసుము కూడా లీజ్‌హోల్డ్‌కు ఎక్కువ.

8. రెండింటినీ పక్కపక్కన పెట్టి కూడండి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఏడేళ్ళు ఉండాలనుకుంటున్నారు. సర్వీస్ ఛార్జ్ ఏటా 5 శాతం పెరుగుతుందనుకుందాం.

- మొదటి ఫ్లాటు: ధర 3,00,000, మిగిలినవి 76 ఏళ్ళు, సర్వీస్ ఛార్జ్ 1,800, నిధి లేదు, పైకప్పు పనికి మీ వాటా 6,000 వస్తుందని మినిట్స్ చెబుతున్నాయి. కొన్న వెంటనే లీజు పొడిగిస్తే 18,800తో పాటు ఖర్చులు 4,000. ఏడేళ్ళ సర్వీస్ ఛార్జ్ సుమారు 14,650. పొడిగింపుతో గ్రౌండ్ రెంట్ సున్నా. మొత్తం సుమారు 3,43,450.
- రెండవ ఫ్లాటు: ధర 3,30,000, మిగిలినవి 240 ఏళ్ళు, గ్రౌండ్ రెంట్ లేదు, సర్వీస్ ఛార్జ్ 3,000, నిధి ఉంది. ఏడేళ్ళకు సుమారు 24,450. స్టాంప్ డ్యూటీ మొదటిదానికంటే 1,500 ఎక్కువ. మొత్తం సుమారు 3,55,950.

30,000 తేడా అనుకున్నది 12,500కు దిగింది. మొదటిది ఇంకా చవకే, దాన్ని కొనడం తప్పు కాదు. కానీ ఆ పొడిగింపు సొమ్ము 22,800 మార్ట్‌గేజ్‌లో సాధారణంగా కలవదు, కొన్న ఏడే చేతి నుంచి నగదుగా కట్టాలి. డిపాజిట్‌కే చిట్టీ ఎత్తి, ఊళ్ళో బంగారం కుదువబెట్టి తెచ్చినవారికి ఆ నగదు ఎక్కడిది? పొడిగించకుండా ఏడేళ్ళు గడిపేద్దామంటే, అప్పటికి మిగిలేవి 69 ఏళ్ళు, పొడిగింపు ఖర్చు 27,000. మీ దగ్గర కొనేవాడు ఆ సొమ్మునంతా మీ ధరలోంచే తగ్గిస్తాడు. పైగా అతనికి అప్పు దొరకడమూ కష్టమే. నా ఉద్దేశంలో, చేతిలో ఆ నగదు లేనివారు మొదటి ఫ్లాటును 3 లక్షలకు తీసుకోకూడదు. రెండవదానికి వెళ్ళాలి, లేదా మొదటిదాని ధర బాగా తగ్గించగలగాలి.

9. లెక్క సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

పొడిగింపు అంచనాను లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ వారి ఉచిత కాలిక్యులేటర్‌తో పోల్చండి. మీ అంకె దానిలో చూపిన పరిధికి చాలా దూరంగా ఉంటే, ఏళ్ళ లెక్కలోనో గ్రౌండ్ రెంట్ పెరుగుదలలోనో తప్పుంటుంది. 80 ఏళ్ళకు అటూఇటూ ఉన్న ఫ్లాటుకు మాత్రం సర్వేయరు చేత లెక్క వేయించుకోండి. ఆ రుసుము వృథా కాదు, బేరంలో అదే మీ ఆధారం.

తరువాత సర్వీస్ ఛార్జ్ పెరుగుదలను 5 శాతానికి బదులు 8 శాతం వేసి మళ్ళీ కూడండి. ఏ ఫ్లాటు చవకో ఆ ఫలితం తారుమారైతే, రెండింటికీ నిజంగా పెద్ద తేడా లేదన్నమాట. అప్పుడు ఇంటి నుంచి స్టేషనుకు దూరం, పిల్లల బడి వంటివాటిని బట్టి నిర్ణయించుకోవచ్చు. చివరగా ఎల్‌పీఈ1, టీఏ7, లీజు మూడింటిలోనూ గ్రౌండ్ రెంట్, సర్వీస్ ఛార్జ్ శాతం, మిగిలిన కాలం ఒకేలా ఉన్నాయో లేదో గీత గీసి సరిచూడండి. తేడా వస్తే లీజులో ఉన్నదే చెల్లుతుంది.

ఎక్స్ఛేంజ్ ఆఫ్ కాంట్రాక్ట్స్, అంటే సంతకాలు చేసిన ఒప్పంద పత్రాలను ఇరుపక్షాలూ మార్చుకోవడం, అయ్యేవరకు మీరు వెనక్కి తగ్గవచ్చు. ఆ తరువాత వెనక్కి తగ్గితే, సాధారణంగా ధరలో పదో వంతైన డిపాజిట్ పోతుంది. అడిగిన ప్రశ్నలలో ఒక్కటి మిగిలి ఉన్నా, ఏజెంటు ఎంత తొందరపెట్టినా, ఎక్స్ఛేంజ్‌కు ఒప్పుకోకండి. మీరు చేరకముందటి ఏడాదికి రాబోయే బాలన్సింగ్ ఛార్జ్ కోసం అమ్మేవారి సొమ్ములో కొంత సొలిసిటరు దగ్గర ఆపి ఉంచమని అడగండి. దీన్ని రిటెన్షన్ అంటారు, అడిగితే గాని ఎవరూ పెట్టరు.

10. తాళాలు చేతికొచ్చిన వారంలో

నోటీస్ ఆఫ్ ట్రాన్స్‌ఫర్ ఫ్రీహోల్డరుకు చేరినట్టు రసీదును సొలిసిటరు నుంచి తీసుకోండి. అది చేరకపోతే డిమాండ్ నోటీసులు పాత యజమాని పేరునే పోతాయి, మీకు తెలియకుండా బకాయి పేరుకుపోతుంది. గ్రౌండ్ రెంట్ తదితర బకాయిలు 350 పౌండ్లు దాటినా, ఎంత చిన్న మొత్తమైనా మూడేళ్ళకు మించి కట్టకుండా ఉన్నా, లీజునే రద్దు చేయించే చర్యకు ఫ్రీహోల్డరు పూనుకోగలడు. మేనేజింగ్ ఏజెంటుకు మీ ఈమెయిలు, ఫోను నంబరు, మీరు ఆ ఫ్లాటులో ఉండకపోతే ఉత్తరాలు అందవలసిన చిరునామా రాసి పంపి, అందినట్టు జవాబు తెప్పించుకోండి.